రెండు గడులు దూకిన బంటును దారిలోనే పట్టుకోవడం: ఎన్‌పాసెంట్ గురించి నా అనుభవం

"చదరంగంలో ఎన్‌పాసెంట్ అనే నియమం ఎందుకు పెట్టారు? వందల ఆటలు ఆడినా నాకు రెండు మూడు సార్లే తగిలింది. దీనికి ఇంత పేరు ఎందుకు? ఆటలో నిజంగా ఉపయోగపడుతుందా?" అని అడిగారు.

ఉపయోగపడుతుంది, మీరు అనుకుంటున్న దానికంటే చాలా ఎక్కువగా. మీకు రెండు మూడు సార్లే కనిపించిందంటే కారణం ఉంది. ఆ ఎత్తు వేసిన ఆటల్లో కంటే వేయని ఆటల్లోనే ఈ నియమం ఎక్కువ పనిచేస్తుంది. పాతికేళ్ళుగా సాయంత్రాలు పిల్లలకు చదరంగం నేర్పుతున్నాను. వాళ్ళకు నేను అన్నిటికంటే ఇష్టంగా చెప్పే పాఠం ఇదే.

నియమం తెలియనివారి కోసం రెండు మాటలు. బంటు తన మొదటి ఎత్తులో ఒక గడి కదలవచ్చు, లేదా రెండు గడులు దూకవచ్చు. అలా దూకి ఎదుటివారి బంటు పక్కన వచ్చి నిలిచిందనుకోండి. అప్పుడు ఆ ఎదుటి బంటు, ఇది ఒక్క గడే కదిలినట్టు లెక్కవేసుకుని, దాటిన ఖాళీ గడిలోకి మూలగా దిగి దీనిని చంపవచ్చు. చంపే పావు ఒక గడిలో దిగితే చచ్చే పావు మరో గడిలో ఉండడం ఆట మొత్తంలో ఈ ఒక్క ఎత్తులోనే. హక్కు బంటుకే ఉంది, అదీ వెంటనే వచ్చే ఎత్తులోనే. ఆ ఎత్తులో వేరే పని చేశారా, ఆ బంటు మీద ఆ హక్కు ఇక లేదు. ఫ్రెంచిలో ఆ మాటకు 'దాటిపోతుండగా' అని అర్థం. వాళ్ళు 'ఆన్ పాసాన్' అన్నట్టు పలుకుతారు. మన పిల్లలందరూ ఎన్‌పాసెంట్ అంటారు కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను.

నాకు ఇది ఎలా తెలిసిందో చెప్పాలి. చదరంగం నేను మా తాతయ్య దగ్గర నేర్చుకున్నాను, తెనాలి పక్కన మా ఊళ్ళో. భోజనాల పీట వెనకవైపు మేకుతో గీసిన గడులు. తెల్ల గడి, నల్ల గడి అనే తేడా లేదు, అన్నీ చెక్క రంగే. పావులు కొన్ని కొయ్యవి, పోయిన వాటి స్థానంలో చింతగింజలు. తాతయ్య ఆటలో బంటు ఎప్పుడూ ఒక్క గడే నడిచేది. ఊళ్ళో పెద్దవాళ్ళందరూ అలాగే ఆడేవారు. మన దేశంలో పాత పద్ధతి అదే. ఆ పద్ధతిలోనే ఆట నేర్చుకుని, తర్వాత పాశ్చాత్య నియమాలు అలవరచుకున్న మీర్ సుల్తాన్ ఖాన్ 1929లో ఇంగ్లండు వెళ్ళి అదే ఏడాది బ్రిటిష్ ఛాంపియన్ అయ్యాడు. 1932లో, 1933లో మళ్ళీ గెలిచాడు. ఆయన పేరు వచ్చినప్పుడల్లా నాకు ఆ పీట గుర్తొస్తుంది.

బంటు రెండు గడులు దూకవచ్చని బడిలో స్నేహితులు చెప్పారు. దానికి తోడుగా ఉన్న రెండో నియమం ఎవరూ చెప్పలేదు. పన్నెండేళ్ళ వయసులో గుంటూరులో బడిపిల్లల పోటీకి వెళ్ళాను. నావి నల్ల పావులు. ఎదుటి అబ్బాయి తెల్ల బంటు డి5లో కూర్చుని నన్ను ఊపిరాడనివ్వడం లేదు. (నిలువు వరుసలకు తెల్లవారి ఎడమ నుంచి ఎ మొదలు హెచ్ దాకా అక్షరాలు, అడ్డ వరుసలకు తెల్లవారి వైపు నుంచి ఒకటి మొదలు ఎనిమిది దాకా అంకెలు. డి5 అంటే డి నిలువు వరుసలో అయిదో గడి.) సి7లో ఉన్న నా బంటును సి6కి తోస్తే అది చంపేస్తుంది. అందుకని సి5కి ఒక్క దూకు దూకించాను. గండం గడిచిందని గుండెల నిండా గాలి పీల్చుకున్నాను. ఆ అబ్బాయి తన బంటును సి6లో పెట్టి, సి5లో ఉన్న నా బంటును తీసి బల్ల మీద పెట్టాడు.

నేను చెయ్యి ఎత్తాను. నా గొంతు వణికింది. ఆర్బిటర్, అంటే పోటీలో తీర్పు చెప్పేవారు, నెరిసిన జుట్టు మనిషి. బల్ల పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నారు. రెండు బంట్లనూ వెనక్కి పెట్టారు, తర్వాత నా బంటును వేలితో సి6 దాకా జరిపి అక్కడ ఆపారు.

"బాబూ, నువ్వు ఇక్కడ ఆగి ఉంటే అతను నిన్ను చంపేవాడా?"

"చంపేవాడు సార్."

"నువ్వు సి5కి వెళ్ళింది ఈ గడి మీదుగానే కదా?"

అంతే. ఇంకేమీ చెప్పలేదు. బంటును సి5కి, అక్కడి నుంచి బల్ల మీదకి తీసి, లేచి వెళ్ళిపోయారు. ఆ ఆట ఓడిపోయాను. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఎన్‌పాసెంట్‌ను ఇంతకంటే బాగా వివరించడం నాకు చేతకాలేదు. ఈనాటికీ పిల్లల ముందు బంటును దారి మధ్యలో వేలితో ఆపి అదే ప్రశ్న అడుగుతాను.

ఇంటికి వచ్చి తాతయ్యకు చెప్పాను, నాకు అన్యాయం జరిగిందన్నట్టుగానే చెప్పాను. ఆయన పీట తిప్పి, చింతగింజను ఒకసారి ఒక గడి, ఒకసారి రెండు గడులు జరిపి చాలాసేపు చూశారు. "మన బంటు ఒక్క అడుగే వేస్తుంది, దానికి ఈ కాపలా అక్కర్లేదు. రెండడుగులు వేయనిచ్చిన వాళ్ళు కాపలా కూడా పెట్టుకున్నారు. సబబుగానే ఉంది" అన్నారు.

ఆయన చింతగింజలతో తేల్చిన మాట చరిత్రలో దాదాపు అలాగే జరిగింది. ఆట మొదట్లో బంట్లు ఒక్కో గడి పాకుతూ ఉంటే పావులు ఎదురుపడడానికే ఎంతో సేపు పట్టేది. ఆ ఆలస్యం తగ్గించడానికి ఐరోపాలో బంటుకు మొదటి ఎత్తులో రెండు గడుల దూకు ఇచ్చారు. ఇచ్చాక చిక్కు వచ్చింది. కష్టపడి అయిదో వరుస దాకా వెళ్ళిన బంటు రెండు పక్కలా రెండు గడులకు కావలి కాస్తుంది. పక్క నిలువు వరుసలోని ఎదుటి బంటు ఆ కావలి గడిని ఒక్క దూకుతో దాటేస్తే, అంత దూరం వెళ్ళిన బంటు చేసిన పనికి విలువే లేదు. అందుకని చాలా చోట్ల దూకుతో పాటే ఈ నియమమూ వచ్చింది. స్పెయిన్ ఆటగాడు రుయ్ లోపెజ్ 1561లో అచ్చయిన తన పుస్తకంలో దీనిని చెప్పాడు. ఇటలీ మాత్రం చాలా కాలం ఒప్పుకోలేదు. అక్కడ బంటు అలా దాటిపోవడం చెల్లేది. 1880లో ఇటలీ వారూ మార్చుకున్నాక గానీ అంతటా ఒకే పద్ధతి ఏర్పడలేదు. అంటే మూడు వందల ఏళ్ళకు పైగా ఒక దేశంలో చచ్చే బంటు మరో దేశంలో బతికేది.

ఇక ఉపయోగం సంగతి. నల్లవారు ఆట మొదలుపెట్టే పద్ధతుల్లో ఫ్రెంచ్ డిఫెన్స్ ఒకటి. మీరు అది ఆడతారో లేదో తెలియదు, ఉదాహరణకు అది బాగుంటుంది. తెల్లవారు ఇ4, నల్లవారు ఇ6. తెల్లవారు డి4, నల్లవారు డి5. తర్వాత తెల్లబంటు ఇ5కి వెళ్ళింది. ఆ ఇ5 బంటు డి6, ఎఫ్6 గడులకు కావలి. నల్లవారికి రాజు పక్క చోటు లేదు, గుర్రానికి ఎఫ్6 గడి దొరకదు. ఎఫ్7 బంటును ఎఫ్5కి దూకించి గోడ కట్టేయాలని అనిపిస్తుంది. దూకించవచ్చు కూడా. అయితే ఆ మరుసటి ఎత్తులో తాళం చెవి తెల్లవారి చేతిలో ఉంటుంది. చంపితే దారులు తెరుచుకుంటాయి, చంపకపోతే మూసుకుంటాయి. ఏది జరగాలో నిర్ణయించేది గోడ కట్టినవాడు కాదు, ఎదుటివాడు. ఇది తెలిసిన నల్ల ఆటగాడు ఎఫ్5 వేసే ముందే ఆలోచిస్తాడు, చాలాసార్లు మానేస్తాడు. అతను మానేసిన ఆటలో ఎన్‌పాసెంట్ ఎక్కడా కనిపించదు, ఆటను నడిపింది మాత్రం అదే. మీకు రెండు మూడు సార్లే తగిలిందని రాశారు కదా. ఎన్నిసార్లు బంటును రెండు గడులు దూకించబోయి వెనక్కి తగ్గారో కూడా లెక్కపెట్టి చూడండి.

పిల్లలకు ఈ ఎత్తు నేర్పిన వారం రోజులు తరగతిలో పండగ. అవకాశం వస్తే చాలు, చంపేయడమే. ఆ ఉత్సాహం నాకు చాలా ఇష్టం, కానీ వెంటనే రెండో పాఠం చెప్పాల్సి వస్తుంది. పైన చెప్పిన ఫ్రెంచ్ ఆటలోనే చూడండి. ఇ5 బంటు ఎఫ్6కి వెళ్ళి చంపగానే ఇ5 ఖాళీ అయిపోతుంది, నల్లగుర్రం తిరిగి చంపుతూ సరిగ్గా తనకు కావలసిన ఎఫ్6లో దిగుతుంది. ఎదుటివారిని బిగించి పట్టుకున్న ముడిని మనమే విప్పినట్టు. అలాగని చంపకపోతే డి5, ఇ6, ఎఫ్5 బంట్లు గోడలా నిలిచి రాజు మీద దాడి ఆగిపోవచ్చు. ఏది మేలో పావులు ఎక్కడున్నాయన్నదాన్ని బట్టి ఉంటుంది. వచ్చే ఎత్తు దాకా చూద్దాం అనడానికి మాత్రం వీల్లేదు. ఈ నియమం మీద నా ప్రేమకు సగం కారణం ఆ ఒక్క ఎత్తు గడువే. చదరంగంలో బెదిరింపులు చాలావరకు నిలవ ఉంటాయి, ఇది నిలవ ఉండదు.

అడిగేవారు ఉంటారు కాబట్టి ఇంకో రెండు సంగతులు. రెండు గడులు దూకిన బంటు దూకుతూనే రాజుకు చెక్ చెబితే, దానిని ఎన్‌పాసెంట్‌గా చంపి చెక్ తప్పించుకోవచ్చు. ఇంకే ఎత్తూ ఆడడానికి లేనప్పుడు ఎన్‌పాసెంట్ ఒక్కటే మిగిలితే అది ఆడి తీరాలి. ఆట డ్రా అనడం కుదరదు.

నేను చేసిన ఒక తప్పు కూడా చెబుతాను, ఎందుకంటే మంచి ఆటగాళ్ళూ ఇందులో పడడం చూశాను. ఒక పోటీలో ముగింపు దశ. నా తెల్లరాజు ఎ5లో, బంటు బి5లో. అదే వరుసలో చివర హెచ్5లో ఎదుటివారి ఏనుగు. మధ్యలో నా బంటు అడ్డం ఉంది కాబట్టి రాజు క్షేమం. ఎదుటివారు సి7 బంటును సి5కి దూకించారు. నేను ఎన్‌పాసెంట్ అనుకుని సంతోషంగా సి6లో బంటు పెట్టి, సి5 బంటు తీసి, గడియారం నొక్కాను. ఆయన మౌనంగా తన ఏనుగును చూపించారు. ఒకే ఎత్తులో ఆ వరుసలోంచి రెండు బంట్లు మాయమయ్యాయి, నాది ముందుకు వెళ్ళి, ఆయనది చచ్చి. ఏనుగుకు, నా రాజుకు మధ్య ఇక ఏమీ లేదు. నా రాజును నేనే చెక్‌లోకి నెట్టిన ఆ ఎత్తు చెల్లదు. ఆర్బిటర్ ఆయనకు రెండు నిమిషాలు అదనంగా ఇచ్చారు. మామూలుగా మనం 'నా పావు కదిపితే వెనక ఏం తెరుచుకుంటుంది' అని చూస్తాం. ఇక్కడ 'చచ్చిన పావు లేస్తే ఏం తెరుచుకుంటుంది' అని కూడా చూడాలి. ఆ రెండో చూపు చదరంగంలో మరెక్కడా ఇంతగా అవసరం రాదు.

మా మేనల్లుడు హైదరాబాద్‌లో కంప్యూటర్ ఉద్యోగం చేస్తాడు. చదరంగం ఆడే ప్రోగ్రామ్ రాయడం మొదలుపెట్టినప్పుడు నాకు ఫోను చేశాడు. ఆట మొదలు నుంచి రెండు వైపులా కలిపి అయిదు ఎత్తులు ఎన్ని విధాలుగా ఆడవచ్చో లెక్కించి, ప్రోగ్రామ్ సరిగ్గా ఉందో లేదో చూస్తారట. అందరికీ తెలిసిన సరైన అంకె 48,65,609. వాడికి 48,65,351 వచ్చింది. "258 తగ్గాయి మామయ్యా, ఎక్కడ పోయాయో తెలియడం లేదు" అన్నాడు. ఎన్‌పాసెంట్ పెట్టావా అని అడిగాను. పెట్టలేదు. తెల్లబంటు రెండు ఎత్తుల్లో అయిదో వరుస చేరాలి, మధ్యలో నల్లవారు ఒక ఎత్తు ఏదో ఆడి, తర్వాత పక్క బంటును దూకించాలి. కాబట్టి అయిదో ఎత్తుకు గానీ ఎన్‌పాసెంట్ పుట్టే వీలు లేదు. నలభై ఎనిమిది లక్షల దారుల్లో సరిగ్గా 258 దారుల చివర అది ఉంటుంది. ఆ అంకె విన్న రోజు నాకు నిద్ర పట్టలేదు. ఈ ఎత్తు ఎంత అరుదైనదో, అయినా అది లేకపోతే లెక్క ఎలా తప్పిపోతుందో అంతకుముందు నాకు అంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. నెల తర్వాత వాడి ప్రోగ్రామ్ మళ్ళీ తప్పింది. ఈసారి కారణం పైన నేను చెప్పిన ఏనుగు వరుసే.

ముగింపు ఆటలో దీని బలం చూడాలంటే నా శిష్యురాలి ఆట ఒకటి ఉంది. పదకొండేళ్ళ పిల్ల. పోటీలో తెల్ల పావులు. బల్లకు కుడివైపు ఆమెకు మిగిలింది హెచ్5లో ఒక్క బంటు. ఎదురుగా నల్లవారికి జి7, హెచ్6లో రెండు బంట్లు. ఒకటికి రెండు కాబట్టి అటువైపు తనదే పైచేయి అని ఎదుటి అబ్బాయి ధీమా. రెండో వైపు ఆమె రాజు బి6లో, బంటు ఎ7లో. నల్లరాజు ఎ8 మూలలో ఇరుక్కున్నాడు, కదలడానికి గడి లేదు. ఎత్తు నల్లవారిది.

హెచ్6 బంటుకు ఎదురుగా తెల్లబంటు ఉంది, అది కదలదు. కదిలేది జి7 బంటు ఒక్కటే. ఒక్క గడి జరిపి జి6లో పెడితే హెచ్5 బంటు చంపేస్తుంది. అబ్బాయి కాసేపు చూసి, దానిని జి5కి దూకించాడు, కుర్చీలో వెనక్కి వాలాడు. దాటిపోయింది, ఇక పరుగే పరుగు అని అతని ముఖంలో కనిపిస్తోంది. నేను తాడు అవతల నిలబడి ఉన్నాను. ఆ పిల్ల వెంటనే ఆడలేదు. కాగితం మీద అతని ఎత్తు రాసుకుంది, కలం మూత పెట్టింది, అప్పుడు తన బంటును జి6లో పెట్టి, జి5 బంటును రెండు వేళ్ళతో ఎత్తి పక్కన పెట్టింది.

ఆ తర్వాత మిగిలింది ఎంత? నల్లవారు హెచ్5, తెల్లవారు జి7. నల్లవారు హెచ్4, తెల్లవారు జి8లో కొత్త మంత్రి. ఎనిమిదో వరుస పొడవునా చెక్, మూలలో రాజుకు గడి లేదు, ఆటకట్టు. ఎన్‌పాసెంట్ అనే నియమమే లేకపోతే జి5 బంటు స్వేచ్ఛగా కిందికి పరుగెత్తేది. దానిని ఆపడానికి తెల్లరాజు ఎ7 బంటును వదిలేసి వెనక్కి ఉరకాలి. అప్పుడు గెలుపు మాట అటుంచి, ఓడకుండా ఉండడానికే పెనుగులాడాల్సి వచ్చేది. ఒక్క బంటు రెండు బంట్లను కట్టిపడేసిందంటే కారణం ఈ నియమమే. నల్లరాజు దూరంగా ఉంటే హెచ్5, జి7, హెచ్6 అమరిక ఎంత ప్రమాదమో ఆ రోజు నుంచి మా తరగతిలో అందరికీ కంఠస్థం.

అందం సంగతి కూడా చెప్పాలి. ఒక్క ఆట చూపిస్తాను. 1928లో మెల్‌బోర్న్‌లో గున్నార్ గుండర్సన్ తెల్లపావులతో, ఫాల్ అనే ఆటగాడు నల్లపావులతో ఆడినది. అదీ ఫ్రెంచ్ డిఫెన్సే. తెల్లవారు దాడిలో నల్లరాజును బయటికి లాగారు. జి4లో ఉన్న మంత్రి ఎఫ్5 బంటు నోట్లో ఉన్నా పట్టించుకోకుండా హెచ్5కి బంటు తోసి చెక్ చెప్పారు. రాజు హెచ్6కి వచ్చాడు. అప్పుడు జి5లోని గుర్రం ఇ6 బంటును చంపుతూ పక్కకు తప్పుకుంది. వెనక సి1లో ఉన్న శకటు, అంటే మూలవాటుగా నడిచేది, రాజు మీదకి తెరుచుకుంది. నల్లవారు ఆ చెక్‌కు అడ్డంగా జి7 బంటును జి5కి దూకించారు.

ఈ స్థితిని నేను ఏటా పలక మీద పెట్టి, ఎత్తు చెప్పమని పిల్లలను అడుగుతాను. మంత్రితో చంపుదాం అంటారు, శకటుతో చంపుదాం అంటారు. పోయిన వేసవిలో ఎనిమిదేళ్ళ పిల్లవాడు ఒకడు లేచి వచ్చి, హెచ్5 బంటును జి6లో పెట్టాడు. హెచ్ వరుస తెరుచుకుని హెచ్1లోని ఏనుగు చెక్ చెప్పింది. "చెక్ మాస్టారూ" అని వెళ్ళి కూర్చోబోయాడు. చచ్చిన బంటును తీయడం మరచిపోయాడు. "జి5లో ఇంకా ఏదో ఉంది" అన్నాను. తిరిగి వచ్చి ఆ బంటు తీశాడు. సి1 నుంచి హెచ్6 దాకా మూలవాటు దారి మొత్తం ఖాళీ. వాడి చెయ్యి బంటుతో గాలిలోనే ఆగిపోయింది. ఏనుగును చూశాడు, శకటును చూశాడు, గుర్రం కాస్తున్న జి7ను, తన కొత్త బంటు కాస్తున్న హెచ్7ను, మంత్రి అండగా ఉన్న జి6ను ఒక్కొక్కటిగా వేలితో తాకి లెక్కపెట్టాడు. "రెండు చెక్‌లు!" అని అరిచాడు.